అంత్యాక్షరి లాంటి వరుస: ఒకటి, రెండు తరగతుల పిల్లలకు జిమ్నాస్టిక్స్

ప్రశ్న: నేను పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీ టీచర్ని. ఒకటి, రెండు తరగతులు కలిపి 22 మంది పిల్లలు. ఫిబ్రవరిలో వార్షికోత్సవం ఉంది. ఈసారి డాన్సుల బదులు చిన్న పిల్లలతో జిమ్నాస్టిక్స్ చేయిద్దామన్నారు మా హెచ్ఎం గారు. మా బడికి పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయులు) లేరు. డ్రిల్లు తప్ప నాకేమీ రాదు. ఫోన్లో వీడియోలు చూసి పిల్లిమొగ్గలతో మొదలుపెట్టాను. రెండో రోజే ఒక బాబుకు మెడ పట్టేసి ఏడుస్తూ ఇంటికి వెళ్లాడు. మర్నాటికి తగ్గింది గానీ వాళ్లమ్మ బడికొచ్చి గట్టిగా అడిగింది. అప్పటినుంచీ నాకు టెన్షన్. పిల్లలు విడివిడిగా బాగానే గెంతుతారు, దొర్లుతారు. ఒకదాని తర్వాత ఒకటి వరుసగా చేయమంటే మాత్రం మధ్యలో ఆగిపోయి నా మొహం చూస్తారు. ఒక పాప కొంచెం లావుగా ఉంటుంది, అసలు ముందుకే రాదు. ఇంకో బాబు ఎవరూ చెప్పకుండానే చేతుల మీద బండిచక్రంలా తిరిగేస్తాడు, వాడిని చూసి మిగతావాళ్లు పడుతున్నారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబు ఒకడున్నాడు, రోజంతా వాడు ఎదురుచూసేది ఈ అరగంట కోసమే. మాకు మ్యాట్లు లేవు. ఇదంతా మానేయమంటారా?

సమాధానం:

అమ్మా, మానేయొద్దు. పిల్లిమొగ్గ మాత్రం ఇవాళే ఆపేయండి. ఈ వార్షికోత్సవానికి దాని అవసరం లేదు.

ముందు ఆ బాబు సంగతి. మర్నాటికి తగ్గిపోయిందన్నారు, మంచిదే. అయినా ఒకటి రెండు వారాలు వాణ్ని గమనించండి. మళ్లీ నొప్పి అన్నా, మెడ ఒక పక్కకు వంచి కూర్చుంటున్నా, చేతుల్లో తిమ్మిరి అన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. ఇలా ఎందుకు జరిగిందో మీకు తెలియాలి. ఆరేళ్ల పిల్లల ఒంటికి తల పెద్దది, చేతులు పొట్టివి, భుజాల్లో ఇంకా బలం ఉండదు. చేతులు నేలకు ఆనించి తలకిందులుగా తిరగబోతే, చేతులు మోయాల్సిన బరువంతా నడినెత్తి మీదకు, అక్కణ్నుంచి మెడ మీదకు దిగుతుంది. పిల్లిమొగ్గ సరిగ్గా వేసేవాడికి నడినెత్తి నేలకు తగలనే తగలదు. గడ్డం గుండెకు ఆనించుకుని, తల వెనక భాగం నేలను అలా తాకీ తాకనట్టు దాటి, భుజాల మీదుగా వీపు మీదకు వస్తాడు. ఆ దశకు రావాలంటే ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. వీడియోల్లో అవి చూపించరు. మీ తప్పేమీ లేదు గానీ, వాళ్లమ్మ దగ్గరకు మీరే వెళ్లి, ఇకపై ఏం చేయిస్తారో చెప్పి, ఒకరోజు వచ్చి చూడమని పిలవండి. ఆవిడ వచ్చి కూర్చుంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు పీఈటీగా చేశాను. రిటైరయ్యాక నాలుగేళ్లపాటు మా ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్లి చిన్న పిల్లలతో గడిపాను. ఆ నాలుగేళ్లలో నేర్చుకున్నదే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మీ ఉత్తరంలో నన్ను పట్టి నిలిపిన మాట, "మధ్యలో ఆగిపోయి నా మొహం చూస్తారు" అన్నది. పిల్లలకు కదలికలు రాక కాదు. గెంతడం, పాకడం, దొర్లడం బడికి రాకముందే వచ్చు. వాళ్లకు రానిది ఒక కదలిక నుంచి ఇంకోదానికి వెళ్లడం. మనం నేర్పాల్సిందల్లా ఆ రెంటినీ కలపడం ఒక్కటే. నేను దాన్ని పిల్లలకు అంత్యాక్షరితో చెప్పేవాణ్ని. అంత్యాక్షరిలో పాట ఏ అక్షరంతో ఆగితే తర్వాతి పాట ఆ అక్షరంతోనే ఎత్తుకోవాలి కదా. ఇక్కడ కూడా ఒళ్లు ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే తర్వాతిది మొదలవ్వాలి. పొట్ట మీద ఆగితే పొట్ట మీద నుంచే, మోకాళ్ల మీద ఆగితే మోకాళ్ల మీద నుంచే. సూర్య నమస్కారాలు చూడండి. 12 భంగిమలు, ప్రతిదీ ముందుదాని చివర నుంచి పుడుతుంది, మధ్యలో ఎక్కడా లేచి నిలబడి మళ్లీ మొదలుపెట్టడం ఉండదు. అందుకే అది ఒక్క కదలికలా సాగుతుంది. మీ పిల్లలు అవి చేసి ఉంటే వరుస అంటే ఏమిటో వాళ్ల ఒంటికి కొంత తెలిసినట్టే.

రెండో తరగతిలో రెండు జడల పాప ఒకతె ఉండేది. నక్షత్రంలా కాళ్లూ చేతులూ చాపి నిలబడడం, తర్వాత దొర్లడం, ఆ తర్వాత మళ్లీ నిలబడడం. ఇదీ ఆ పిల్ల వరుస. దొర్లి దొర్లి బోర్లా ఆగేది. ఆగగానే తల తిప్పి నాకేసి చూసేది, గౌను సర్దుకునేది, ఎటు నుంచి లేవాలో తెలియక కాళ్లు కొట్టుకునేది. ఐదారు సార్లు ఇదే. ఒకరోజు నేను పక్కన నేల మీద కూర్చుని అడిగాను. "ఇప్పుడు నీ ఒంట్లో నేలకు ఆని ఉన్నదేంటమ్మా?" "పొట్ట." "పొట్ట నేల మీద ఉంచే ఏమేం చేయొచ్చు?" కాసేపు కదల్లేదు. తర్వాత చేతులు ముందుకు చాచి, ఛాతీ, కాళ్లు కొంచెం పైకి లేపింది. "విమానం" అంది. "బాగుంది. విమానం దిగాక?" అరచేతులు ఛాతీ పక్కన ఆనించి నేలను తోసింది, మోకాళ్లు లోపలికి లాక్కుంది, నడుము పైకెత్తి నాలుగు కాళ్ల మీద ఎలుగుబంటిలా రెండడుగులు వేసింది. చేతులు పాదాల దగ్గరకు వచ్చేసరికి ఇక నిలబడడం తప్ప ఇంకో దారి లేదు. మెల్లగా లేచి చేతులు పైకెత్తింది. నావైపు చూడలేదు. దానికి పట్టింది పావుగంట. మర్నాడు పక్క పిల్లకు తనే నేర్పింది, "పొట్ట మీద ఉన్నావు కదా, విమానం పెట్టు" అంటూ.

ఆ ఒక్క ప్రశ్న పట్టుకోండి. "ఇప్పుడు ఏది నేల మీద ఉంది?" జవాబు మీరు చెప్పేయకండి. ఎంతసేపు పట్టినా పిల్లనే వెతుక్కోనివ్వండి.

ఇక ఏమేం కదలికలు పెట్టాలో చూద్దాం. బొమ్మలా ఆగడం అన్నిటికంటే ముందు. పిల్లలకు స్టాచ్యూ ఆట వచ్చే ఉంటుంది. దాన్నే కొంచెం మార్చండి. "నాలుగు నేలకి!" అంటే రెండు చేతులు, రెండు కాళ్లు, లేదా మోకాళ్లు, మోచేతులు, ఏవైనా నాలుగు నేలకు ఆనాలి. "మూడు నేలకి!" "రెండు!" ప్రతిసారీ మూడు లెక్కించేదాకా కదలకూడదు. పిల్లలు ఒకటీరెండూమూడూ అని గబగబా అనేస్తారు, కాబట్టి మీరే లెక్కించండి, ఒక్కో అంకెకు ఒక్కో చప్పట్టు. ఇంకో రకం, ఒంట్లో పెద్ద భాగాల మీద ఆగడం. వీపు మీద, పక్కటెముకల మీద, పిరుదుల మీద కాళ్లు పైకెత్తి. తల మీద, మెడ మీద మాత్రం ఎవరూ ఆగకూడదు. ఇది మొదటిరోజే గట్టిగా చెప్పండి. ఈ ఆట పిల్లల్ని బాగా నవ్విస్తుంది, వరుసకు కావాల్సిన మొదలు, చివర రెండూ ఇందులోంచే దొరుకుతాయి.

గెంతుల్లో ఉన్నవి ఐదే రకాలు. ఒక కాలి నుంచి అదే కాలికి, ఒక కాలి నుంచి రెండో కాలికి, ఒక కాలి నుంచి రెండు కాళ్లకు, రెండు కాళ్ల నుంచి ఒక కాలికి, రెండు నుంచి రెండుకు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లకు వీటిలో మూడు ఇప్పటికే వచ్చు. ఒంటికాలి మీద గడులు దాటుతుంది, జంట గడుల్లో రెండు కాళ్లు పెడుతుంది, మళ్లీ ఒంటికాలికి మారుతుంది. మిగిలినవి రెండే. వాన నీటి గుంటను అంగలో దాటడం ఒకటి, కప్పగంతు ఒకటి. సుద్దముక్కతో నేల మీద గడులు గీసి మొదలుపెడితే మీకు ఏ సామానూ అక్కర్లేదు.

గెంతు కంటే దిగడం ముఖ్యం. ఇక్కడ మాత్రం ఎన్ని రోజులైనా పట్టనివ్వండి. ముందు మునివేళ్లు, తర్వాత మడమ, అదే ఊపులో మోకాళ్లు వంగాలి. పాదాల మధ్య నడుమంత వెడల్పు ఉండాలి, మోకాళ్లు ఒకదాని వైపు ఒకటి వాలకూడదు, చేతులు ముందుకు. పిల్లలకు ఇదంతా చెబితే ఒక్కటీ గుర్తుండదు. "పిల్లిలా దిగు, నాకు చప్పుడు వినిపించకూడదు" అనండి, చాలు. మీరు వాళ్లకు వీపు తిప్పి నిలబడండి. ఒక్కొక్కరే గెంతుతారు, మీరు చెవులతోనే చెప్పండి, ఎవరిది పిల్లి, ఎవరిది గేదె అని. పిల్లలు మీకు వినపడకుండా దిగాలని ఊపిరి బిగపట్టి మరీ ప్రయత్నిస్తారు, వాళ్లకు తెలియకుండానే మోకాళ్లు వంగుతాయి. ఎత్తు మీద నుంచి దూకించాలనుకుంటే ఆ ఎత్తు పిల్లల మోకాలు దాటకూడదు.

దిగడం విలువ తెలియడానికి ఒక్క మాట. 2016 రియో ఒలింపిక్స్‌లో అగర్తల అమ్మాయి దీపా కర్మాకర్ వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీద చేతులు ఆనించి గాల్లోకి ఎగిరే అంశం) ఫైనల్‌లో ప్రొదునోవా వేశారు. ముందుకు రెండు మొగ్గలు గాల్లో తిరిగి దిగే, ఎంతో ప్రమాదకరమైన విన్యాసం అది. గాల్లో అంతా బాగానే సాగింది, దిగేటప్పుడు బాగా కిందికి కూర్చుండిపోయారు. ఆమెకు వచ్చింది 15.066, కాంస్య పతకం 15.216కు పోయింది. అంత పెద్ద క్రీడాకారిణి దగ్గర కూడా అందరూ చివరికి చూసేది పాదాలనే.

దొర్లడంలో మూడు రకాలు చాలు. మొదటిది నిలువుగా పడుకుని చేతులు తలపైకి చాచి పక్కకు దొర్లడం. గుళ్లో పొర్లుదండాలు చూసిన పిల్లలు కాబట్టి చూపించే పని కూడా ఉండదు, కాళ్లు విడిపోకుండా మడమల మధ్య ఒక రుమాలు పెట్టండి. రెండోది మోకాళ్లు గుండెకు హత్తుకుని గుడ్డులా పక్కకు దొర్లడం. మూడోది వెల్లకిలా అదే ముడుచుకున్న భంగిమలో వీపు మీద ముందుకూ వెనక్కూ ఊయల ఊగడం. గడ్డం గుండెకు ఆనించడం ఇక్కడే నేర్చుకుంటారు, ఒక చేతిరుమాలు గడ్డం కింద ఇరికించి అది పడకుండా ఊగమనండి. ఆ ఊయల ఊపుతో చేతులు నేలకు ఆనకుండా లేచి కూర్చోగలిగిన పిల్ల, ఇంకో ఏడాదికి పిల్లిమొగ్గకు సిద్ధమవుతుంది. ఈ మూడింటిలో దేనిలోనూ తల కిందకు పోదు, మెడ మీద బరువు పడదు.

నడకలు నేను చెప్పక్కర్లేదు. ఎలుగుబంటి, పీత, కుందేలు, పాము, మీ పిల్లలే నాలుగు చెబుతారు.

ఇప్పుడు వరుస. మొదటి రెండు వారాలు ఒక్కటే: బొమ్మ, నడక, బొమ్మ. ఒక బొమ్మలా ఆగి, నచ్చిన నడకతో నాలుగు అడుగులు పోయి, ఇంకో బొమ్మలా ఆగాలి. ఇది కుదిరాక నడక తర్వాత ఒక గెంతు చేర్చండి. అదీ కుదిరాక ఒక దొర్లు. ఆరేడేళ్ల పిల్లలకు మూడు నాలుగు కంటే ఎక్కువ వరుసలో గుర్తుండవు, ఉండాలని మనం పట్టుబట్టకూడదు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లు నేల మీద చేసే విన్యాసాల వరుసకే, అంటే ఫ్లోర్ ఎక్సర్‌సైజ్‌కే, 90 సెకన్ల కంటే ఎక్కువ సమయం ఇవ్వరు. మీ పిల్లలకు 20 సెకన్లు ఎక్కువే.

మీ మొహం చూడకుండా ఉండడానికి వాళ్ల పలకలు వాడండి. ఎవరి వరుస వాళ్లు పలక మీద పుల్లల బొమ్మలుగా గీసుకోవాలి. ఎడమ నుంచి కుడికి మూడో నాలుగో బొమ్మలు. పలకను మ్యాట్ (మీకైతే దాని బదులు పరిచే బొంత, దాని సంగతి కింద చెబుతాను) పక్కన పెట్టుకుని చేస్తారు. మర్చిపోతే పలక చూస్తారు. వారం తిరిగేసరికి పలకను బోర్లా తిప్పేయమంటారు, "నాకు వచ్చేసింది టీచర్" అంటూ. ఒక్కో పిల్లది ఒక్కో వరుస అవుతుంది, అందరిదీ ఒకేలా ఉండాలని చూడొద్దు. మీరు కట్టిచ్చిన వరుస అయితే మర్చిపోయినప్పుడు మిమ్మల్నే చూస్తారు. తను కట్టుకున్నదైతే తన బుర్రలోనే వెతుక్కుంటుంది.

మధ్యలో సంక్రాంతి సెలవులొస్తాయి. వచ్చాక సగం మర్చిపోయి ఉంటారు, కంగారు పడకండి. మళ్లీ బొమ్మ, నడక, బొమ్మ దగ్గర నుంచి రెండు రోజులు చేయిస్తే ఒళ్లు గుర్తు తెచ్చుకుంటుంది. సెలవుల తర్వాత కొత్తవి ఏమీ చేర్చొద్దు.

22 మందితో మీరొక్కరే కాబట్టి సగం మందిని ఎప్పుడూ నేల మీద మ్యాట్ అక్కర్లేని పనిలో ఉంచండి, బొమ్మలు, నడకలు, తొక్కుడుబిళ్ల గడులు. దొర్లేవాళ్లే మ్యాట్ల దగ్గరకు రావాలి, మీరూ అక్కడే ఉండాలి. వంతు కోసం చూసేవాళ్లకు ఊరికే కూర్చోబెట్టకుండా ఒక పని అప్పగించండి. "ఆఖరి బొమ్మ మూడు చప్పట్లదాకా కదలకుండా నిలిచిందా?" అన్నది ఒక్కటే చూసి చెప్పాలి. రెండోరోజు "దిగినప్పుడు చప్పుడైందా?" ఒక్కసారికి ఒక్క ప్రశ్నే. బాగుందా బాగోలేదా అని అడిగితే స్నేహితులకు బాగుందంటారు, పోట్లాడుకున్నవాళ్లకు లేదంటారు. ఈల వేస్తే ఎక్కడున్నవాళ్లు అక్కడే బొమ్మలైపోవాలి. ఈ అలవాటు మొదటి రోజు నుంచే పడాలి.

ఎవరికైనా చెయ్యి సాయం కావాలంటే "నీ వీపు పట్టుకోనా?" అని అడిగి పట్టుకోండి. చెయ్యి పట్టి లాగడం, తల కిందకు నొక్కడం ఎప్పుడూ చేయకూడదు.

ఇక ముందుకు రాని ఆ పాప సంగతి. ముందుగా, ఏనుగు నడక అన్న పేరు మీ బడిలో వాడకండి. ఎవరో ఒకరు ఆ పిల్లను చూసి నవ్వుతారు, అది ఇక జన్మలో మ్యాట్ ఎక్కదు. గెంతులతో కాకుండా బొమ్మలతో ఆమెను లోపలికి తీసుకురండి. మూడు నేలకి అన్నప్పుడు వెడల్పుగా పరుచుకుని గట్టిగా ఆగడంలో ఇలాంటి పిల్లలు అందరికంటే స్థిరంగా ఉంటారు. అది మీరు గమనించినట్టు ఆ పిల్లకు తెలియాలి, అందరి ముందు పెద్దగా పొగిడితే సిగ్గుపడుతుంది, దగ్గరకెళ్లి చెప్పండి. తన వరుసలో గెంతు లేకపోతే ఏం, రెండు బొమ్మలు, ఒక పీత నడక, ఒక గుడ్డు దొర్లు. అదీ పూర్తి వరుసే. ఇంకా రానంటే మూడు చప్పట్లు కొట్టే పని ఆ పిల్లకు అప్పగించండి. మా బడిలో ఇలాగే చప్పట్లు కొడుతూ కూర్చున్న పిల్ల పది రోజులకు తనంతట తనే లేచి వచ్చింది.

బండిచక్రం బాబుకు కష్టమైన పని కావాలి, లేకపోతే వాడు ఊరుకోడు. "తిరుగు, కానీ తిరిగాక రెండు పాదాల మీద మూడు చప్పట్లదాకా కదలకుండా ఆగాలి, ఆ ఆగినచోటు నుంచే తర్వాతిది మొదలెట్టాలి" అనండి. వాడికి మొదటి వారం ఇది రాదు. రాకపోవడం వాడికి మంచిది. వాడు తిరిగే చోటు మీ పక్కనే, వాడొక్కడికే అని గిరి గీసి పెట్టండి, మిగతావాళ్లకు ఆ గిరిలోకి అనుమతి లేదు. వాళ్ల ఇంట్లోవాళ్లు ఇప్పుడే పెద్ద కోచింగ్‌లో చేర్చాలా అని అడిగితే ఆత్రపడొద్దని చెప్పండి. హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి మొదట నేర్చుకున్నది కరాటే, ఆ తర్వాతే జిమ్నాస్టిక్స్‌కు వచ్చారు. 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం గెలిచారు, ఆ పోటీల్లో వ్యక్తిగత పతకం తెచ్చిన మొదటి భారత జిమ్నాస్ట్ ఆవిడే.

డౌన్ సిండ్రోమ్ ఉన్న బాబు గురించి కొంచెం జాగ్రత్తగా చదవండి. ఈ పిల్లల్లో కొందరికి మెడలో పైన ఉండే మొదటి రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. పైకి ఏమీ తెలియదు. మెడ మీద ఒత్తిడి పడితే వెన్నుపాముకే ప్రమాదం. అందుకని డాక్టరు చూసి సరే అనేదాకా పిల్లిమొగ్గలు, తలకిందులుగా ఉండేవి, ఎత్తు మీద నుంచి దూకడాలు, మెడను గట్టిగా వంచి ఊగే ఊయల వీటిలో ఏదీ వాడితో చేయించకూడదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఎముకల డాక్టరుకు చూపించమనండి, మీ మండలంలోని భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండేది) టీచర్లను కూడా కలవండి. నడక మారినా, తరచూ పడిపోతున్నా, మెడ వంకరగా పెట్టుకున్నా వెంటనే చూపించాలి. అంతమాత్రాన వాడిని పక్కన కూర్చోబెట్టొద్దు. బొమ్మలున్నాయి, నడకలున్నాయి, నేల మీద చేసే చిన్న అంగలున్నాయి. ఆ అరగంట కోసం రోజంతా ఎదురుచూస్తాడన్నారు. వాడి వరుస వాడికి ఉండాలి, వార్షికోత్సవంలో కూడా.

మ్యాట్లు లేవన్నారు. ఇంట్లో వాడే మెత్తటి పరుపులు తెచ్చి వేయకండి. దొర్లడానికి పర్వాలేదు గానీ, గెంతి దిగితే పాదం లోపలికి కూరుకుపోయి చీలమండ దగ్గర మడత పడుతుంది. నున్నటి బండల మీద జంపఖానా పరిస్తే అది జారుతుంది, పిల్ల దానితోపాటే జారుతుంది. ఇప్పుడు మీరు చేయించబోయే దొర్లుళ్లకు గరుకు గచ్చు మీద రెండు మూడు మడతల బొంత, నాలుగు మూలలా బరువు, చాలు. బయటైతే రాళ్లు లేకుండా జల్లించిన ఇసుక, దాని మీద గోనెపట్టా. మీ వైపు వరిగడ్డికి కొదవుండదు, ఇసుక లేకపోతే గడ్డి మందంగా పరిచి దాని మీద పట్టా కట్టి వేసుకోవచ్చు, రోజూ చేత్తో తడిమి చూసి పుల్లలు ఏరేయండి. దిగడాలు మాత్రం గట్టి మట్టి నేల మీదే చేయించండి. పిల్లి పాదాలు అక్కడే వస్తాయి.

బూట్లు, సాక్సులు రెండూ విప్పించండి. సాక్సులతో గచ్చు మీద జారతారు. గాజులు, పట్టీలు, జూకాలు, మెడలో గొలుసులు తీసి ఒక డబ్బాలో వేసి, ఎవరివి వాళ్లకు తిరిగి ఇవ్వండి. జడల్లో పిన్నులు ఉండకూడదు, పాపలు గౌన్ల లోపల నిక్కరు వేసుకు రావాలి, లేకపోతే దొర్లేటప్పుడు మనసంతా గౌను మీదే ఉంటుంది. మధ్యాహ్న భోజనం తర్వాత ఈ పీరియడ్ పెట్టొద్దు, పొద్దున ప్రార్థన అయిన వెంటనే అరగంట, వారానికి మూడు రోజులు. ఎప్పుడైనా ఎవరైనా మెడ మీద పడి నొప్పి అంటే లేపి కూర్చోబెట్టకండి, నీళ్లు తాగించకండి. పడినచోటే కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ఒక భయం నాకుంది. వార్షికోత్సవం దగ్గరపడేకొద్దీ ఎవరో ఒకరు పిరమిడ్ పెట్టిద్దాం, చూడ్డానికి బాగుంటుంది అంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆగస్టు 15కి ఎనిమిదో తరగతి పిల్లలతో మూడంతస్తుల పిరమిడ్ కట్టించాను. రిహార్సల్స్‌లో అన్నిసార్లూ నిలబడింది. ఆ రోజు జనం చప్పట్లు కొట్టగానే కింద వరుసలో ఒక పిల్లవాడు తలెత్తి చూశాడు. పైనున్నవాడు చెయ్యి చాపి పడ్డాడు, మోచేయి విరిగింది. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాపడానికి వాడికి నెలలు పట్టింది. ఆ పిల్లవాడి తండ్రి నన్నొక్క మాట అనలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ ఒక పిల్లవాడి మీద ఇంకో పిల్లవాణ్ని నిలబెట్టలేదు. హెచ్ఎం గారు అడిగితే నా పేరు చెప్పి వద్దనండి.

వార్షికోత్సవం నాడు ఒకేసారి ఆరుగురిని తీసుకురండి, ఇద్దరు పక్కపక్కన, మూడు జంటలు. మొదటి జంట తమ ఆఖరి బొమ్మలో ఆగాక రెండో జంట మొదలెట్టాలి, మొదటివాళ్లు కదలకూడదు. చివరికి ఆరుగురూ ఆరు రకాల బొమ్మలై స్టేజీ మీద ఉంటారు. చివర మిగిలే నలుగురు రెండు జంటలు. పాట పెట్టాలనుకుంటే మాటలు లేని సంగీతం, నెమ్మదిగా ఉన్నది. హోరు పాట పెడితే పిల్లలు దాని వేగానికి పరుగెత్తి ఒక కదలికను ఇంకోదానితో కలపడం మర్చిపోతారు. స్టేజీ అంచుకు రెండు గజాల ఇవతల సుద్దముక్కతో గీత గీయండి. తల్లిదండ్రులకు ముందే మైకులో ఒక మాట చెప్పండి, ఈ వరుసలు పిల్లలు తామే కట్టుకున్నవని, చప్పట్లు ఆఖరి బొమ్మ నిలిచాక కొట్టమని.

ఈ వారమే మీ మండలంలో హైస్కూల్ పీఈటీ గారికి హెచ్ఎం గారి చేత ఒక లెటర్ రాయించండి. అక్కడ జిమ్నాస్టిక్స్ మ్యాట్లు ఉంటే ఫిబ్రవరిలో రెండు వారాల పాటు రెండు ఇమ్మని అడగండి. వచ్చాక రెండింటినీ అంచులు ఆనించి, కిందనుంచి తాడుతో కట్టేయండి. విడిగా ఉంటే మధ్యలో సందు పడి పిల్లల పాదం అందులోకి పోతుంది. మోయడానికి పిల్లల్ని పిలవకండి, పెద్దవాళ్లు నలుగురు చాలు. అవి వచ్చేలోపు రేపు పొద్దున సుద్దముక్క తీసుకుని బయటకు వెళ్లండి, ఆ మెడ పట్టిన బాబునే ముందు పిలిచి "నాలుగు నేలకి" అనండి.